ఆకాశం కేసి చూసే జనం: పాత కామిక్ వీరుల పునర్విచారణ

కామిక్ పుస్తకాల మీద మన అభ్యుదయ విమర్శ రెండు మాటలు చెప్పి ఊరుకుంది. ఒకటి, అవి సామ్రాజ్యవాద సంస్కృతి నుంచి దిగుమతి అయిన సరుకు. రెండు, వాటిని పిల్లల చేతికి ఇవ్వకూడదు. మొదటి మాటలో నిజం చాలా ఉంది. రెండోది విమర్శ కాదు, నిషేధాజ్ఞ. చదవకుండా ఇచ్చిన తీర్పు ఒకవేళ సరైనదే అయినా దాన్ని విమర్శ అనలేం. నేను నలభై ఏళ్ళకు పైగా ఈ పుస్తకాలు పోగుచేస్తున్నవాణ్ణి. ఆబిడ్స్‌లో ఆదివారంనాడు పేవ్‌మెంటు మీదా, కోఠీ పాత పుస్తకాల కొట్లలోనూ, మూతబడుతున్న అద్దె లైబ్రరీలు తెగనమ్ముకున్నప్పుడూ కొన్నవి బడంగ్‌పేటలో మా ఇంట్లో ఆరు ట్రంకుపెట్టెల నిండా ఉన్నాయి. ఈమధ్య వాటిని మొదటినుంచీ వరసగా మళ్ళీ చదివాను. ఈసారి వీరుణ్ణి చూడడం మానేసి, బొమ్మలో వెనక నిలబడ్డ జనాన్ని చూశాను. ఈ వ్యాసం ఆ జనం గురించి.

ప్రతి కామిక్‌లోనూ జనం ఉంటారు. నోళ్ళు తెరుచుకుని, వేళ్ళు పైకి చూపిస్తూ, ఆకాశం కేసి చూస్తూ ఉంటారు. వాళ్ళకు పేర్లుండవు. ప్రమాదం వస్తే పరుగెత్తుతారు, వీరుడు వస్తే నిలబడతారు, పని పూర్తయితే చప్పట్లు కొడతారు. వాళ్ళు నోరు తెరిచి అనే మాటలన్నీ ఆశ్చర్యార్థకాలే. ఒక ప్రశ్న, ఒక సలహా, ఒక అభ్యంతరం వాళ్ళ నోట రావు. వీరుడి బలం గురించి ఇన్ని దశాబ్దాలుగా ఇంత రాశారు గాని, ఆ బలం నిలబడింది ఈ జనం బలహీనత మీదనే అన్న సంగతి ఎవరికీ పట్టలేదు. జనం తమ పని తాము చేసుకోగలిగితే వీరుడికి పని ఉండదు. అంచేత వాళ్ళను చేతకానివాళ్ళుగా గీయడం చిత్రకారుడి అలవాటో పొరపాటో కాదు, కథకు పునాది.

అయితే ఇది మొదటినుంచీ ఇంత గట్టిగా లేదు. 1938 జూన్ తేదీతో వచ్చిన యాక్షన్ కామిక్స్ తొలి సంచికలో సూపర్‌మాన్ ఏంచేశాడు? గ్రహాంతర శత్రువులతో పోరాడలేదు. చెయ్యని హత్యకు మరణశిక్ష పడ్డ ఒక స్త్రీని కాపాడడానికి గవర్నరు ఇంటి తలుపు బద్దలుకొట్టాడు. పెళ్ళాన్ని చావబాదుతున్న మొగుణ్ణి గోడకేసి విసిరాడు. సెనేటరును చేతిలో పెట్టుకుని పనులు చేయించుకుంటున్న దళారీని ఎత్తుకుని తీగల మీద పరుగెత్తి వాడి చేత నిజం చెప్పించబోయాడు. మూడో సంచికలో గనిప్రమాదం జరుగుతుంది. రక్షణ పరికరాలకు డబ్బు ఖర్చు పెట్టని యజమానినీ, అతని ఇంటికి విందుకొచ్చిన పెద్దమనుషులనూ గనిలోకి దించి, దారి కూలగొట్టి, ఊపిరాడకపోవడమంటే ఏమిటో వాళ్ళకు తెలిసేట్టు చేస్తాడు. ఎనిమిదో సంచికలో మురికివాడను తానే కూల్చేస్తాడు, ప్రభుత్వం కొత్త ఇళ్ళు కట్టక తప్పని పరిస్థితి రావడానికి. రాసిన జెర్రీ సీగెల్, గీసిన జో షూస్టర్ ఇద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు, మాంద్యం నాటి క్లీవ్‌లాండ్‌లో పెరిగినవాళ్ళు. ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇది చూసి సంబరపడిపోనక్కర్లేదు. గనికథలో కార్మికులు సంఘం కట్టరు, సమ్మె చెయ్యరు. యజమాని భయపడి మనసు మార్చుకుంటాడు, కథ అయిపోతుంది. కోపం కార్మికుడిదే, కాని దాన్ని తీర్చే చెయ్యి మాత్రం మరో గ్రహం నుంచి రావాలి. అయినా కనీసం శత్రువెవరో ఆ కథలకు తెలుసు. ఆ తర్వాత పదేళ్ళు తిరక్కుండా అదే సూపర్‌మాన్ బ్యాంకు దొంగల వెంటా, పిచ్చి శాస్త్రజ్ఞుల వెంటా పడ్డాడు. ఇటలీ విమర్శకుడు ఉంబెర్టో ఎకో 1962లో రాసిన వ్యాసంలో ఈ మార్పునే పట్టుకున్నాడు: లోకం నుంచి ఆకలిని తుడిచిపెట్టగల శక్తి ఉన్నవాడు ఒక ఊళ్ళో దొంగల్ని పట్టుకుంటూ, ధర్మకార్యాలకు చందాలు సమకూరుస్తూ గడుపుతాడు, అతని లోకంలో చెడు అంటే ఆస్తికి కలిగే ముప్పు, మంచి అంటే దానం. ఈ పరిశీలనను దాటి చెప్పినవాళ్ళు తక్కువ.

ఈ మార్పు దానంతటదే రాలేదు. యుద్ధం కొంత పని చేసింది, వ్యాపారం కొంత చేసింది. మిగిలింది నిషేధం చేసింది. మన వాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఇదే. 1954లో ఫ్రెడ్రిక్ వెర్తాం అనే మనోవైద్యుడు కామిక్స్ పిల్లల్ని పాడుచేస్తున్నాయని పుస్తకం రాశాడు. ఆయన అభివృద్ధి నిరోధకుడు కాడు. హార్లెంలో పేద నల్లజాతి వాళ్ళకోసం మానసిక వైద్యశాల నడిపిన మనిషి. ఆయన లేవనెత్తిన అలజడికి భయపడి ప్రచురణకర్తలు అదే సంవత్సరం తమకు తామే ఒక నియమావళి రాసుకున్నారు. అందులో రక్తపాతం ఉండకూడదన్న నియమంతోపాటు పోలీసులను, న్యాయమూర్తులను, ప్రభుత్వాధికారులను అగౌరవం కలిగేలా చూపించకూడదన్న నియమం కూడా చేరింది. పిల్లల మేలు కోరి మొదలుపెట్టిన పని అధికారుల మేలుతో ముగిసింది. ఆ నియమావళి కాపలాదార్లు 1956లో ఒక కథకు అడ్డుపడ్డారు. రంగును బట్టి రోబోలను వేరు చేసి బతికిస్తున్న ఒక గ్రహానికి భూమి నుంచి పరిశీలకుడు వెళ్తాడు, మీకింకా అర్హత రాలేదని చెప్పి తిరిగి వస్తాడు, చివరి బొమ్మలో శిరస్త్రాణం తీస్తే అతను నల్లజాతి మనిషి. ఆ మనిషి నల్లగా ఉండకూడదన్నారు. ప్రచురణకర్త లొంగకుండా ఉన్నదున్నట్టు అచ్చువేశాడు. కాని ఆ సంచికతో ఆ సంస్థ కామిక్స్ వెయ్యడమే మానుకుంది. పిల్లల పుస్తకాలను నిషేధించాలని తీర్మానాలు చేసే మిత్రులు ఈ ఉదంతాన్ని ఒకసారి తలుచుకోవాలి.

ఇక మన దేశానికి వద్దాం. 1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా యాజమాన్యం బొంబాయి నుంచి ఇంద్రజాల్ కామిక్స్ మొదలుపెట్టింది. తొలి 32 సంచికలూ ఫాంటమ్ కథలే. 1990లో ఆగిపోయేదాకా ఎనిమిది వందల పైచిలుకు సంచికలు వచ్చాయి. నా పెట్టెల్లో సగం అవే.

ఫాంటమ్‌ను లీ ఫాక్ 1936లో సృష్టించాడు. నాలుగు వందల ఏళ్ళుగా అడవిలో తండ్రి తర్వాత కొడుకు ఒకే ముసుగు వేసుకుంటూ వస్తారు. ఇరవై ఒక్క తరాలు మారినా ఒక్కడే బతికి ఉన్నాడని అడవి జాతులు నమ్ముతారు. అంటే ఈ రాజ్యానికి పునాది ఒక అబద్ధం. ఆ అబద్ధం తెలిసినవాళ్ళు బాందార్ పిగ్మీలు మాత్రమే. వాళ్ళు గుహకు కాపలాదార్లు. పుర్రె సింహాసనం మీద తెల్లవాడు కూర్చుంటాడు, నల్లవాళ్ళు తగవులు తెచ్చుకుంటారు, ఆయన తీర్పు చెబుతాడు. బ్రిటిషువాళ్ళు వెళ్ళిపోయి పదిహేడేళ్ళు కూడా నిండని దేశంలో ఈ బొమ్మను పిల్లల చేతికి ఇచ్చిన యాజమాన్యానికి ఇబ్బంది ఏమీ కనిపించలేదా? కనిపించింది, పేర్ల దగ్గర. బెంగాల్ అనిపిస్తుందని ఆ దేశం పేరు దెంకాలీ అని మార్చారు. సింగ్ అనే సముద్రపు దొంగల ముఠాను సింగా చేశారు. ఫాంటమ్ తండ్రిని చంపినవాడి పేరు రామా అని ఉంటే రామాలూ అన్నారు. మన పేర్లున్న దుర్మార్గులను తీసేస్తే చాలు, మన మీద తెల్లవాడు కూర్చున్న సింహాసనం అలాగే ఉన్నా ఫరవాలేదన్నమాట! జాతీయాభిమానం అంటే పేర్ల పట్టింపు అని మన పెట్టుబడిదారీ పత్రికలు అనుకున్నాయనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

న్యాయంగా ఇంకోమాట కూడా చెప్పాలి. లీ ఫాక్ మారని మనిషి కాడు. ఆఫ్రికా దేశాలు స్వతంత్రమవుతున్న కాలంలో ఆయన అడవి దేశానికి ఎన్నికైన నల్లజాతి అధ్యక్షుణ్ణి తెచ్చాడు, లువాగా అనే డాక్టరును. మాంత్రికుడు మాండ్రేక్ పక్కన చిరుతతోలు కట్టుకుని, వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడుతూ తిరిగిన లోథార్‌కు కూడా 1965 తర్వాత చిత్రకారుడు మారాక మంచి బట్టలూ, మంచి భాషా వచ్చాయి. కాని అధ్యక్షుడికి కష్టం వస్తే కబురు వెళ్ళేది పుర్రెగుహకే.

నా దగ్గరున్న ఒక ఫాంటమ్ ప్రతిలో ఎవరో పిల్లవాడు ఇంగ్లీషు మాటల మీద పెన్సిలుతో తెలుగు అర్థాలు రాసుకున్నాడు. ‘జంగిల్’ మీద అడవి. ‘లా’ మీద చట్టం. ‘సావేజ్’ మీద అనాగరికుడు. ఇలాంటి గీతలున్న ప్రతికి సేకర్తల బజారులో విలువ పడిపోతుంది. అద్దె లైబ్రరీ ముద్ర ఉంటే ఇంకా పడిపోతుంది. ఎవరూ తెరవని ప్రతికి ఎక్కువ ధర, పదిమంది చదివిన ప్రతికి తక్కువ ధర. విమర్శకుడికి దీనికి సరిగ్గా తలకిందులు. ఈ పిల్లవాడికి ఫాంటమ్ మీద కంటే ఇంగ్లీషు మీద ఆశ ఎక్కువని ఆ పెన్సిలు గీతలు చెబుతున్నాయి. ఇవాళ దిల్‌సుఖ్‌నగర్ కోచింగు సెంటర్ల మెట్లెక్కే కుర్రవాళ్ళ ఆశ కూడా అదే. ఆ ఆశ తప్పు కాదు. కాని భాషతోపాటు ఆ భాష తనను చూసే చూపు కూడా వచ్చింది. అనాగరికుడు అని రాసుకుంటున్నప్పుడు అది తన తాతముత్తాతలకు పెట్టిన పేరేనని ఆ పిల్లవాడికి చెప్పేవాళ్ళు లేరు.

హిందీలో ఫాంటమ్‌కు పెట్టిన పేరు వేతాళ్. ఈ పేరు విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. చందమామ చదివి పెరిగిన తెలుగువాడికి బేతాళుడు ఎవరు? శవంలో ఉండి, విక్రమార్కుడి భుజం మీద వేలాడుతూ, కథ చెప్పి ప్రశ్న వేసేవాడు. ఈ పనిచేసినవాడు ఎందుకు చేశాడు, ఇద్దరిలో ఎవరిది తప్పు, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. రాజు జవాబు చెప్పక తప్పదు, చెబితే మౌనం చెడి పని మళ్ళీ మొదటికొస్తుంది. చదివే పిల్లవాడు రాజు జవాబుకు ముందే తన జవాబు ఆలోచించుకుంటాడు. వేతాళ్ అని పేరు పెట్టుకున్న ముసుగువాడు మాత్రం ఎవరినీ ఏమీ అడగడు. దవడ మీద పుర్రె ముద్ర వేసి వెళ్ళిపోతాడు. పేరొకటే, ఒకడు పాఠకుణ్ణి ఆలోచించమంటాడు, రెండోవాడు ఆ అవసరం లేకుండా చేస్తాడు.

ఇంద్రజాల్ 1976లో స్వదేశీ వీరుణ్ణి దింపింది. ఆబిద్ సూర్తీ రాసిన బహాదూర్. కుర్తా, జీన్స్ వేసుకున్న యువకుడు. తండ్రి చంబల్ బందిపోటు, పోలీసు కాల్పుల్లో చచ్చాడు. పగతో పెరగవలసిన కొడుకును ఒక పోలీసు అధికారి పెంచి మంచిదారిలో పెట్టాడు. బహాదూర్ ఊళ్ళవాళ్ళను కూడగట్టి బందిపోట్లను ఎదిరించే నాగరిక్ సురక్షా దళ్ ఏర్పాటు చేశాడు.

నేను మొత్తం పెట్టెల్లో ఎక్కువసేపు చదివింది ఈ కథలనే. ఎందుకంటే జనం ఆకాశం కేసి చూడడం మాని చేతిలో కర్ర పట్టుకున్నది ఇక్కడే. ఇది చిన్న మార్పు కాదు. బహాదూర్‌కు అతీత శక్తులు లేవు, ముసుగు లేదు, అతనితోపాటు బేలా అనే స్త్రీ సమానంగా పోరాడుతుంది. అయితే ఆ దళం ఎవరికి తోడు? పోలీసులకు. ఎవరికి ఎదురు? బందిపోట్లకు. బందిపోటు ఎలా తయారయ్యాడు, భూమి ఎవరి చేతిలో ఉంది, పోలీసు ఠాణా ఎవరి గడపలో ఉంది అన్నది ఈ కథలకు సమస్య కాదు. 1972లో జయప్రకాశ్ నారాయణ్ ముందు చంబల్ బందిపోట్లు వందల సంఖ్యలో లొంగిపోయినప్పుడు ఈ ప్రశ్నలన్నీ పత్రికల్లోనే వచ్చాయి. నాలుగేళ్ళు తిరిగేసరికి కామిక్‌లో అవి మాయమయ్యాయి.

తెలుగు పాఠకుడు ఈ కథలను మరొకరు చదివినట్టు చదవలేడు. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో సాయుధ పోరాట కాలంలో గ్రామరక్షక దళాలు కట్టినవాళ్ళున్నారు. దొరల గూండాలనూ, రజాకార్లనూ వడిసెలలతో, కారప్పొడితో ఎదిరించిన స్త్రీలున్నారు. వాళ్ళను అప్పటి ప్రభుత్వం ఏ పేరుతో పిలిచిందో మనకు తెలుసు. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబరు 1న, ముషీరాబాదు జైల్లో భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. ఆ మరుసటి ఏడే బహాదూర్ వచ్చాడు. ఎమర్జెన్సీకి ప్రచారం చెయ్యడానికే సూర్తీ అతణ్ణి సృష్టించాడని నేననను. అనడానికి ఆధారం లేదు. కాని ఊరు తనను తాను కాపాడుకోవడం అన్న గొప్ప ఊహ పోలీసు అనుమతితో మాత్రమే బొమ్మల పుస్తకంలోకి రాగలిగిన కాలం అది. సూర్తీ విషయంలో ఒక ముచ్చట చెప్పాలి. ఆయన 2007లో ముంబయిలో ఒక చిన్న సంస్థ పెట్టి, ఆదివారాలు ఒక ప్లంబరును వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్ళి కారుతున్న కొళాయిలు ఉచితంగా బాగుచేయించడం మొదలుపెట్టాడు. బహాదూర్ కథలన్నిటికంటే నాకు ఇది నచ్చింది.

తెలుగులో అతీత వీరుడు కామిక్ ద్వారా కాక సినిమా ద్వారా స్థిరపడ్డాడు. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు సూపర్‌మాన్‌గా వచ్చాడు. అమెరికా సూపర్‌మాన్ శక్తి వేరే గ్రహం నుంచి వచ్చింది. మనవాడికి ఆంజనేయుడి వరం. తల్లిదండ్రులను చంపిన దుర్మార్గుల మీద పగ తీర్చుకోవడానికి ఆ వరం. గ్రహం తీసి దేవుణ్ణి పెట్టడంతో వీరుడు స్వదేశీ అయిపోయాడనుకున్నాం. 44 ఏళ్ళ తర్వాత 2024 జనవరిలో వచ్చిన హను-మాన్‌లో సాంకేతికత ఆకాశమంత పెరిగింది, ఊరి మీద బలవంతుడి పెత్తనం అనే నిజమైన సమస్యతో కథ మొదలయింది. అంజనాద్రి ప్రజలు కాసేపు మాట్లాడతారు కూడా. కాని శక్తి చేతికి రాగానే ఊరంతా ప్రేక్షకులై నిలబడింది. ఆ సినిమాను ఆనందంగా చూసినవాళ్ళతో నాకు తగాదా లేదు. నేనూ చూశాను. 1980 నుంచి 2024 దాకా వెనక నిలబడ్డ జనం భంగిమ మారకపోవడమే నాకు ఆశ్చర్యం.

2020 అక్టోబరు వానలకు మా బడంగ్‌పేట, మీర్‌పేట చుట్టుపక్కల కాలనీలు చాలావరకు నీళ్ళలో మునిగాయి. చెరువు శిఖాల్లో వెంచర్లు వేసినవాళ్ళెవరో, అనుమతులు ఎలా వచ్చాయో అందరికీ తెలుసు. మా వీధిలో ముసలివాళ్ళను మోసుకెళ్ళింది పైఅంతస్తులవాళ్ళు, పక్క బస్తీ కుర్రవాళ్ళు, పాలవాడు. తాడు కట్టి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. ఇంత మామూలు విషయాన్ని ఏ కామిక్కూ ఎందుకు గీయలేదు? గీయడం కష్టం గనకనా? కాదు. ఒక బొమ్మలో పదిమందికి పదిరకాల ముఖాలు గీయడానికి చిత్రకారుడికి పేజీకింత అని ఇచ్చే డబ్బు చాలదు, ఒక వీరుడి బొమ్మ అయితే చొక్కాల మీదా, పెన్సిలు డబ్బాల మీదా అమ్ముకోవచ్చు. పదిమంది గుంపును ట్రేడ్‌మార్కు చేసుకోవడం కుదరదు. 2009లో డిస్నీ సంస్థ నాలుగు వందల కోట్ల డాలర్లు పెట్టి మార్వెల్‌ను కొన్నది కథలకోసం కాదు, ఆ ముసుగుల కోసం.

చందమామ ధారావాహికలను ఇక్కడ తలుచుకోకపోతే ఈ చర్చ సగమే అవుతుంది. 1952 నుంచి 1980లో మరణించేదాకా ఆ పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు అందులో ఉన్నవారు. ఆయన మార్క్సిస్టు అయ్యుండి రాజులూ రాక్షసుల కథలు వేయడమేమిటని దెప్పినవాళ్ళున్నారు. వాళ్ళు దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు చదవలేదని నా అనుమానం. తోకచుక్క నుంచి భల్లూక మాంత్రికుడి దాకా పాతికేళ్ళ పాటు ఆయన రాసిన కథల్లో వీరులు చాలాసార్లు ఇద్దరు. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. ఒకడికి తట్టనిది రెండోవాడికి తడుతుంది, ఒకడు ఆపదలో పడితే రెండోవాడు తాడు వేస్తాడు. మాయలూ మంత్రాలూ ఎక్కువగా దుర్మార్గుల చేతిలో ఉంటాయి. వీళ్ళ చేతిలో కత్తీ, తెలివీ, తోడూ. చిత్రా బొమ్మల్లో వెనక ఉన్నవాళ్ళు కూడా ఏదో ఒక పని చేస్తూ కనిపిస్తారు. ఇవి విప్లవ కథలు కావు. చివర రాజ్యాలూ రాజకుమార్తెలూ వస్తారు, రాజరికం మీద ప్రశ్న రాదు. ఆ పరిమితి పరిమితే. కాని ఆకాశం కేసి చూస్తూ కూర్చోమని వాటిల్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ ధారావాహికలు చందమామలో రచయిత పేరు లేకుండా అచ్చయ్యాయి. సీగెల్, షూస్టర్ తమ సూపర్‌మాన్ మీద హక్కులన్నీ 130 డాలర్లకు రాసిచ్చి, ముసలితనంలో పేదరికంలో పడి, పత్రికలు అల్లరి చేశాక 1975 చివర్లో ఏడాదికి ఇంత అని భత్యమూ, కథ మీద తమ పేర్లూ తిరిగి పొందారు. వాళ్ళ తొలి సంచిక ప్రతి ఒక్కటి 2024 వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. సుబ్రహ్మణ్యం 2010 జనవరిలో పోయారు. పుస్తకాలుగా వచ్చాక ఇప్పుడు అట్టమీద ఆయన పేరుంది. కాని చందమామలోనూ, ఇతర పిల్లల పత్రికల్లోనూ పేరు లేకుండా రాసినవాళ్ళు, గీసినవాళ్ళు, కామిక్ బుడగల్లో తెలుగు అక్షరాలు చేత్తో రాసిన లేఖకులు ఎందరో ఉన్నారు. వీరుల జాబితాలు ఎవరి దగ్గరైనా దొరుకుతాయి. ఈ పనివాళ్ళ జాబితా ఏ విశ్వవిద్యాలయం తయారుచెయ్యలేదు. సంచికలు తిరగేసి, బతికున్నవాళ్ళను అడిగి, ఎవరు ఏ నెలలో ఏం రాశారో తేల్చడానికి పరిశోధక విద్యార్థులెవరైనా పూనుకుంటే పెట్టెలు బడంగ్‌పేటలో ఉన్నాయి. చెదలు ఇంకా పట్టలేదు.